సుంకి ఘాట్ ఎక్కే స్పిట్‌ఫైర్‌కి ఎంత లావు గొట్టం కావాలి?

పాత స్పోర్ట్స్ కారుకి సైలెన్సర్ మార్చాలనుకునే వాళ్ళు మొదట అడిగేది "సౌండ్ ఎలా వస్తుంది?" అని. నేను తిరిగి అడిగేది "మీరు రోజూ ఏ రోడ్డు మీద నడుపుతారు?" అని. పొగ గొట్టం లావు, పొడవు, ఎక్కడ ఏది దేనితో కలవాలి అన్నవన్నీ ఆ జవాబు మీదే ఆధారపడతాయి. మా కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. దాని విషయంలో జవాబు ఒక్కటే. సాలూరు నుంచి సుంకి దాకా ఎక్కే ఘాట్ రోడ్డు.

మాది కోరాపుట్ జిల్లా సెమిలిగూడ. సాలూరు దాటి ఘాట్ ఎక్కితే సుంకి, తర్వాత పొట్టంగి, ఆ తర్వాత మా ఊరు, పక్కనే సునాబెడ. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా విశాఖపట్నం జిల్లాయే. అందుకే ఇక్కడి బజారులో ఇప్పటికీ ఒడియాతో పాటు తెలుగు మాట్లాడేవాళ్ళు కావలసినంత మంది ఉంటారు. తాత సాలూరు నుంచి వచ్చి పెట్టిన హార్డ్‌వేర్ షాపుని ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. కారు మావయ్యది. మా జిల్లాలోనే ఉన్న జైపూర్‌లో (జయపురం) ఉంటాడు. ఎప్పుడో కలకత్తా వేలంలో కొన్నాడు. మోకాళ్ళ నొప్పులతో క్లచ్ తొక్కలేక నాకిచ్చాడు. మరమ్మతు దగ్గర మాత్రం ఆయన లేకుండా ఒక్క నట్టు విప్పనివ్వడు.

కారు 1968 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3. 1296 సీసీ ఇంజన్, పెట్రోలుని గాలితో కలిపే ఎస్‌యూ రకం కార్బురేటర్లు రెండు, కంపెనీ లెక్క ప్రకారం 6000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 75 హార్స్‌పవర్. ఈ రోజుల్లో చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కానీ ఈ కారు బరువు ఏడు వందల కిలోల పైచిలుకే. అందుకే ఇంజన్ సరిగ్గా ఉంటే తేలిగ్గా లాగుతుంది. దీన్ని గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలొట్టి. కింద ఉన్నది ట్రయంఫ్ వాళ్ళదే హెరాల్డ్ అనే కారు ఛాసిస్‌ని కుదించినది. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఆ కుటుంబానిదే. కాబట్టి మన దేశంలో దీని ముందు సస్పెన్షన్ సామాను, స్టీరింగ్ సామాను వెతికితే దొరుకుతుంది. ఎగ్జాస్ట్ సామాను మాత్రం దొరకదు. చేయించుకోవాల్సిందే.

మావయ్య దగ్గర ఉన్నప్పుడు పాత సైలెన్సర్ తుప్పు పట్టి రాలిపోయింది. ఒక పెద్ద ఊళ్ళో గ్యారేజీవాళ్ళు కొత్తది వేశారు. మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి వచ్చే పొగని ఒకచోటికి చేర్చే భాగం) కింద నుంచి వెనక బంపర్ దాకా రెండున్నర అంగుళాల గొట్టం, చివర్లో ఖాళీ డబ్బాలాంటి సైలెన్సర్, దాని మీద మెరిసే టిప్పు. ఇంగ్లండ్ నుంచి వచ్చినప్పుడు ఆ కారుకున్న గొట్టం ఒకటిన్నర అంగుళం ప్రాంతంలో ఉంటుంది. అంటే గొట్టం లోపలి వైశాల్యం రెండున్నర రెట్లకు పైగా పెరిగిపోయింది. శబ్దం మాత్రం భీకరంగా వచ్చేది. సుంకి మలుపుల్లో మూడో గేరులో లాగాల్సిన చోట రెండో గేరులోకి దిగాల్సి వచ్చేది, అక్కడ కూడా 3000 దాటేదాకా ఇంజన్‌లో ప్రాణం ఉండేది కాదు. "బండి బలం పెరిగింది సార్" అని పంపించారు మావయ్యని. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఎందుకలా అవుతుందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే లావు గొట్టం మోజు మా వైపు బుల్లెట్ల నుంచి కార్ల దాకా అందరికీ ఉంది.

పిస్టన్ పూర్తిగా కిందికి చేరకముందే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుంటుంది. లోపల ఇంకా ఒత్తిడి ఉంటుంది కాబట్టి మండిన గ్యాస్ ఒక్కసారిగా గొట్టంలోకి దూకుతుంది. దానితో పాటు ఒక ఒత్తిడి తరంగం బయల్దేరుతుంది. వేడి గ్యాస్‌లో ఆ తరంగం సెకనుకు 500 మీటర్లు దాటిన వేగంతో పోతుంది. గొట్టం వెడల్పయ్యే చోటుకి, లేదా రెండు గొట్టాలు కలిసే చోటుకి చేరగానే అది తిరగబడి తక్కువ ఒత్తిడి తరంగంగా వెనక్కి వస్తుంది. సరిగ్గా ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకోబోతూ, ఇన్లెట్ వాల్వ్ తెరుచుకుంటున్న ఆ కొద్ది క్షణంలో వాల్వ్ దగ్గరికి చేరిందా, సిలిండర్‌లో మిగిలిన పొగని బయటికి లాగేస్తుంది, కొత్త మిశ్రమాన్ని లోపలికి పిలుస్తుంది. ఆలస్యంగానో తొందరగానో చేరితే ఆ మేలు జరగదు. గొట్టం పొడవు పెరిగితే ఈ మేలు తక్కువ ఆర్‌పీఎం దగ్గర దొరుకుతుంది, పొట్టిగా ఉంటే ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర దొరుకుతుంది.

ఇక లావు సంగతి. సన్నటి గొట్టంలో గ్యాస్ వేగంగా పోతుంది, ఆ వేగమే వెనకున్న గ్యాస్‌ని లాక్కుపోతుంది. మరీ సన్నమైతే పై ఆర్‌పీఎంలో ఊపిరాడదు. మరీ లావైతే కింది ఆర్‌పీఎంలో గ్యాస్ నెమ్మదించి, చల్లబడి, బద్ధకంగా కదులుతుంది. మెకానిక్‌లు "బ్యాక్ ప్రెషర్ ఉండాలమ్మా" అంటారు. నిజానికి ఏ ఇంజన్‌కీ వెనక ఒత్తిడి అవసరం లేదు. కావలసింది వేగం. సన్న గొట్టం పెట్టినప్పుడు రెండూ కలిసి వస్తాయి కాబట్టి మేలు ఒత్తిడి వల్ల జరిగిందనుకుంటారు.

మా ఘాట్ మీద ఇంజన్ ఎక్కువ సేపు ఉండేది 2000 నుంచి 4000 మధ్య. 6000 దాకా లాగే చోటు అక్కడ ఎక్కడుంది? ఎదురుగా లారీ, పక్కన లోయ. కాబట్టి మాకు కావలసింది మధ్యలో బలం. దాని కోసం నాలుగు గొట్టాలు రెండుగా, ఆ రెండు ఒకటిగా కలిసే పద్ధతి ఎంచుకున్నాం. నాలుగూ ఒకేచోట కలిసే పద్ధతి రేసులకి బాగుంటుంది, పైన బలం ఇస్తుంది, మధ్యలో కాస్త వెలితి ఉంటుంది.

ఏ రెండింటిని కలపాలన్నది ముఖ్యం. ఈ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరుస, 1-3-4-2. సగం చుట్టుకి ఒక సిలిండర్ పేలుతుంది. 1ని 3తో కలిపితే ఒకదాని వెంట ఒకటి వచ్చే పొగలు అదే గొట్టంలో తోసుకుంటాయి. 1ని 4తో, 2ని 3తో కలిపితే ఒక్కో జతలో పొగకీ పొగకీ మధ్య పూర్తి చుట్టు ఎడం ఉంటుంది. మార్క్ 3 హెడ్‌లో (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగం) ఒక్కో సిలిండర్‌కి విడిగా ఎగ్జాస్ట్ రంధ్రం ఉండడం మా అదృష్టం. మార్క్ 2కి ట్రయంఫ్ వాళ్ళే గొట్టాలతో చేసిన మానిఫోల్డ్ ఇచ్చారు, వాల్వులని తెరిచే క్యామ్‌షాఫ్ట్ కూడా కొత్తది వేసి 63 హార్స్‌పవర్ని 67 చేశారు. కాబట్టి ఈ ఇంజన్ కుటుంబానికి ఇది కొత్త వింత కాదు.

మా కారుకున్న పోత ఇనుము మానిఫోల్డ్ పగలకుండా ఉండుంటే నేను దాన్ని ముట్టుకునేదాన్ని కాదు. పోత ఇనుము శబ్దాన్ని మింగుతుంది, ఏళ్ళ తరబడి ఉంటుంది. ఎవరైనా అడిగితే ముందు వెనక గొట్టం, సైలెన్సర్ సరిచేసుకోండి, మానిఫోల్డ్ చివర్న చూద్దాం అనే చెప్తాను. మాది రెండు రంధ్రాల మధ్య నిలువునా చీలింది. ఒకసారి నికెల్ రాడ్‌తో అతికించారు, వేడికి మళ్ళీ పక్క నుంచి చీలింది.

ఏ లోహంతో చేయాలన్నది నా రంగం కాబట్టి ఇక్కడ కొంచెం సాగదీస్తాను. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి. ఆవిరై పోతాయి గానీ, చిన్న చిన్న దూరాలు తిరిగే కారులో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు, నీళ్ళు లోపలే నిలుస్తాయి. పైగా మా కొండల వర్షం. మామూలు ఇనుప గొట్టం లోపల నుంచి తినేస్తూ వచ్చి, బయటికి కనిపించేసరికి పని అయిపోయి ఉంటుంది. అందుకే స్టెయిన్‌లెస్ అనుకున్నాం.

స్టెయిన్‌లెస్ అనగానే షాపులో ఉన్న రెయిలింగ్ పైపు తీసి వాడేయొద్దు. మెట్లకి, గేట్లకి అమ్మే పైపు చాలావరకు 202 రకం. అందులో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. చవక, మెరుపు బాగుంటుంది, రెయిలింగ్‌కి సరిపోతుంది. ఎగ్జాస్ట్ వేడికీ తేమకీ 304తో సమానంగా నిలబడదు. అయస్కాంతం పెట్టి "అతుక్కోలేదు కాబట్టి 304" అని అమ్మేవాళ్ళున్నారు. 202కి కూడా అయస్కాంతం అతుక్కోదు! బ్యాటరీతో, చుక్కల మందుతో చేసే పరీక్ష ఉంది. 202 అయితే చుక్క ఎర్రబడుతుంది. నేను కొనేటప్పుడు ఆ పరీక్ష చేయకుండా పైపు దించుకోను. కార్ల కంపెనీలు ఎక్కువగా వాడే 409 అనే ఇంకో రకం ఉంది. దానికి అయస్కాంతం అతుక్కుంటుంది, పైన గోధుమ రంగు తుప్పు పట్టినట్టు కనిపిస్తుంది గానీ చాలా కాలం నిలుస్తుంది. చిన్న ముక్కలుగా మా వైపు దొరకదు.

బెండ్ల సంగతి ఇంకా కష్టం. సాలూరులో లారీల పని చేసే మేస్త్రీలు గొట్టంలో ఎండు ఇసుక దట్టించి, ఎర్రగా కాల్చి, మెల్లగా వంచుతారు. ఇసుకలో తడి ఉంటే ఆవిరి పుట్టి మూత ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది, అందుకే ముందు రోజే ఇసుకని పెనం మీద వేయించి పెట్టుకుంటారు. ఇనుముకి అది గొప్ప పద్ధతి. 304ని మాత్రం అలా ఎర్రగా కాలిస్తే తుప్పుని ఆపే గుణం దెబ్బతింటుంది. యంత్రం మీద చల్లగా వంచిన బెండ్లు కావాలి. మా సమస్య తీర్చింది పాల డెయిరీలు. పాల గొట్టాలకి వాడే ఎల్బోలు 304వే, లోపల నున్నగా ఉంటాయి, వంపులో గొట్టం నొక్కుకుపోదు, ఒకటిన్నర అంగుళం సైజు ఎప్పుడూ దొరుకుతుంది. హెడ్ నుంచి బయల్దేరే మొదటి గొట్టాలు, అంటే ప్రైమరీలు, నాలుగూ ఆ ఎల్బోలని ముక్కలు కోసి అతికినవే. లోపలి వ్యాసం 35 మిల్లీమీటర్లు వచ్చింది. పొడవు ఒక్కోటీ 400 ప్రాంతంలో, ఒకదానికొకటి 10 మిల్లీమీటర్లకు మించి తేడా లేకుండా చూసుకున్నాం. అవి జతలుగా కలిశాక వచ్చే రెండు సెకండరీలు కాస్త లావు, తోక గొట్టం ఒకటిముప్పావు అంగుళం. ఆ రెండింటికీ చెన్నై నుంచి బెండ్లు తెప్పించాం.

పాతది విప్పడంలోనే సగం ఓపిక ఖర్చయింది. ఈ ఇంజన్‌లో ఇన్లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు. ఒకే గ్యాస్కెట్, కొన్ని స్టడ్‌లు (హెడ్‌లో బిగించిన మరల కడ్డీలు), క్లాంపులు రెండింటికీ ఉమ్మడి. ముందు వైపుకి తెరుచుకునే బానెట్ మొత్తం లేచిపోతుంది కాబట్టి టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు, అది ఈ కారు చేసే పెద్ద ఉపకారం. స్టడ్‌లకి నాలుగు రోజుల ముందు నుంచే నూనె పెడుతూ, ఇంజన్ వేడి చేస్తూ, చల్లారుస్తూ వచ్చాం. ఒకటి విరిగింది. విరిగిన ముక్క మీద నట్టు పెట్టి, లోపల వెల్డ్ చేసి, ఆ వేడి మీదే తిప్పితే వచ్చేసింది. కొత్తగా వేసినవన్నీ ఇత్తడి నట్లు. ఇత్తడి ఉక్కు స్టడ్‌కి పట్టేయదు, రేపు ఎవరు విప్పినా హెడ్ పాడవదు.

వెల్డింగ్ చేసింది సునాబెడ బాబాయ్. సునాబెడలో విమానాలు తయారుచేసే ప్రభుత్వ కంపెనీ హెచ్‌ఏఎల్ వాళ్ళ మిగ్ ఇంజన్ల ఫ్యాక్టరీ ఉంది, అరవైల్లో వచ్చింది. అక్కడ వెల్డర్‌గా రిటైరై ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. శ్రీకాకుళం మనిషి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆర్గాన్ సెట్టు పెట్టుకుని హోటళ్ళ గిన్నెలూ, నీళ్ళ ట్యాంకులూ అతుకుతుంటాడు. నేను మా షాపు సిలిండర్ రెండోది కూడా తెచ్చానని చూసి, "మంచి పని చేశావు తల్లీ, లోపలికీ గ్యాస్ కావాల" అన్నాడు.

ఆ లోపలి గ్యాసే అసలు సంగతి. స్టెయిన్‌లెస్ అతికేటప్పుడు బయట టార్చి నుంచి ఆర్గాన్ వస్తుంది గానీ గొట్టం లోపలి వైపు గాలే ఉంటుంది. కరిగిన లోహం ఆ గాలిని తాకి నల్లటి గరుకు పొక్కులుగా మాడుతుంది. గ్యాస్ దారికి అది అడ్డం, వేడికీ కుదుపులకీ మొదట చీలేదీ అక్కడే. బాబాయ్ గొట్టం రెండు చివరలా అల్యూమినియం రేకుతో మూసి, ఒక వైపు నుంచి మెల్లగా ఆర్గాన్ వదిలి, రెండో వైపు చిన్న రంధ్రం ఉంచి, లోపల గాలంతా పోయేదాకా ఆగి, అప్పుడు టార్చి పట్టేవాడు. "లోపల మాడిపోతే అక్కడే చీలతాది అమ్మా. పైన ఎంత అందంగా ఉంటే ఏటి లాభం" అన్నాడు. ఆయన కోసి చూపించిన నమూనా ముక్క లోపలి వైపు కూడా లేత బంగారు రంగులో ఉంది. 304ని 304కి అతకడానికి 308ఎల్ తీగ, ఇనుప ఫ్లాంజ్‌కి (గొట్టాలని హెడ్‌కి బిగించే పలక) అతకడానికి 309ఎల్ తీగ వాడాడు.

ఫ్లాంజ్ 10 మిల్లీమీటర్ల ఇనుప పలక. పలచటిది వేస్తే వెల్డింగ్ వేడికి అరటాకులా వంగిపోతుంది. మందంగా ఉన్నా వంగుతుంది కాబట్టి దాన్ని ఇంకో బరువైన పలకకి బోల్టులతో బిగించి, ఒక రంధ్రం దగ్గర కొంచెం, అవతలి చివర కొంచెం, మార్చి మార్చి అతికాడు. పూర్తిగా చల్లారేదాకా బోల్టులు విప్పనివ్వలేదు. తర్వాత విశాఖ ఆటోనగర్‌లో ముఖం సానపెట్టించాం. నీలం రంగు పూసి హెడ్‌కి ఆనించి చూస్తే నాలుగు రంధ్రాల చుట్టూ రంగు సమంగా అంటింది. ఆ క్షణం మావయ్య ముఖం చూడాలి!

304తో ఒక పేచీ ఉంది. వేడికి ఎక్కువ సాగుతుంది. మీటరు గొట్టం 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మామూలు ఇనుమైతే 5 ప్రాంతంలోనే. రెండు చివరలా గట్టిగా బిగిస్తే ఎక్కడో ఒకచోట చీలక తప్పదు. పైగా ఇంజన్ తన రబ్బరు మౌంట్ల మీద ఊగుతూ ఉంటుంది. అందుకే గొట్టాలన్నీ ఒకటయ్యే కలెక్టర్ తర్వాత ఒక ఫ్లెక్సిబుల్ ముక్క, తోక చివర రబ్బరు హ్యాంగర్లు, మధ్యలో ఒకచోట మాత్రమే గట్టి పట్టు. గొట్టాన్ని ఛాసిస్ పట్టీ పక్కకి, వీలైనంత పైకి జరిపాం. సెమిలిగూడ నుంచి జైపూర్ దాకా స్పీడ్ బ్రేకర్లు కొలత లేకుండా వేసినవి. ఇద్దరు కూర్చుని, పెట్రోలు నిండుగా ఉన్నప్పుడు కొలిచి చూసుకోవాలి, ఖాళీ బండిని కొలిస్తే లాభం లేదు. వెనక చక్రాలు పైకీ కిందికీ ఆడేటప్పుడు యాక్సిల్ గొట్టానికి తగులుతుందేమో కూడా జాకీ మీద పూర్తిగా వేలాడేసి చూశాం.

శబ్దం గురించి మావయ్యకీ నాకూ ఒకే మాట. ఈ రోడ్డు మీద కుందులి సంతకి తెల్లవారుజామునే నెత్తిన గంపలతో, కావళ్ళతో ఆడవాళ్ళు, మగవాళ్ళు బారులు తీరి నడుస్తుంటారు. వెంట మేకలు, పశువులు ఉంటాయి. వెనక నుంచి పెద్ద చప్పుడు చేస్తూ వెళ్తే బెదిరి రోడ్డు మీదికి వస్తాయి. గ్యారేజీవాళ్ళు వేసిన ఆ సైలెన్సర్‌తో అది కళ్ళారా చూశాను. "ఇంజన్ వినిపించాల, గొట్టం కాదు" అంటాడు మావయ్య.

చిల్లుల గొట్టం చుట్టూ ఉన్ని చుట్టిన సైలెన్సర్ గ్యాస్‌ని అడ్డుకోదు, కీచు శబ్దాలని బాగా మింగుతుంది, బొంగురు శబ్దాన్ని అంతగా మింగలేదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ 3000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 100 పేలుళ్ళు వదులుతుంది. సరిగ్గా ఆ బొంగురు మోతే చిన్న కారులో తలనొప్పి తెప్పిస్తుంది. అందుకని రెండు పెట్టాం. మధ్యలో ఉన్ని రకం చిన్నది, వెనక గదులుగా విడగొట్టిన పెద్దది. ఉన్ని కింద, గొట్టం పక్కన స్టెయిన్‌లెస్ పీచు ఒక పొర వేశాం. లేకపోతే గ్లాస్ ఊల్ పొగతో పాటు కొట్టుకుపోతుంది. ఇప్పుడు ఊళ్ళో నెమ్మదిగా పోతుంటే పక్కవాళ్ళతో మామూలుగా మాట్లాడుకోవచ్చు. యాక్సిలరేటర్ నొక్కితే గొంతు విప్పుతుంది.

గొట్టాలు బిగించాక పని అయిపోయిందనుకుంటారు చాలామంది. కార్బురేటర్లు ముట్టుకోకుండా వదిలేస్తే ఇంజన్ కాలిపోయే ప్రమాదం ఉంది. పొగ తేలిగ్గా పోతే గాలి ఎక్కువ లోపలికి వస్తుంది, పెట్రోలు మాత్రం దాన్ని కొలిచి వదిలే కార్బురేటర్ సూది పాత కొలత ప్రకారమే వస్తుంది, మిశ్రమం పలుచబడొచ్చు. దాని మీద ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం ఇంకా పలుచబడినట్టే. కొంచెం చిక్కగా ఇచ్చే సూదులు తెప్పించి వేశాం, పాత రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి మార్చాం. ఎస్‌యూ కార్బురేటర్‌లో సరిచూసుకోవడం సులువు. పక్కనున్న పిన్నుతో లోపలి పిస్టన్‌ని మిల్లీమీటరు లేపాలి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉంటే చిక్కగా ఉన్నట్టు, తగ్గి ఆగబోతే పలుచగా ఉన్నట్టు, ఒక్క క్షణం పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు.

ఇందులో మా కొండలు కలిపే చిక్కు ఒకటుంది. కోరాపుట్ వైపు ఎత్తు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్లు. ఇక్కడి గాలి పలుచన కాబట్టి ఇంజన్‌కి మిశ్రమం చిక్కగా అందుతుంది. ఇక్కడ సరిగ్గా కుదిర్చిన కారుని విశాఖ బీచ్ రోడ్డుకి తీసుకెళ్తే అది పలుచన అవుతుంది. అందుకే మేం ఇంట్లో కాదు, కిందకి దిగి సాలూరు దగ్గర మిశ్రమం సరిచేశాం. పైకి వచ్చాక కాస్త చిక్కగా ఉంటుంది, పెట్రోలు ఖర్చవుతుంది, ఇంజన్‌కి ప్రమాదం లేదు. ఘాట్ ఎక్కి ఆపి ప్లగ్గులు తీసి చూస్తే లేత గోధుమ రంగులో ఉన్నాయి. తెల్లగా ఉంటే భయపడాలి.

కార్బురేటర్లు ఎగ్జాస్ట్‌కి నేరుగా పైన కూర్చుంటాయి కాబట్టి వేసవిలో ఘాట్ ఎక్కి ఇంజన్ ఆపితే పెట్రోలు గిన్నెలో మరుగుతుంది, మళ్ళీ స్టార్ట్ కాదు. దీనికి గొట్టాల చుట్టూ వేడిని ఆపే గుడ్డ చుట్టమని కొందరు సలహా ఇచ్చారు. మా వర్షాల్లో ఆ గుడ్డ తడి పట్టుకుని కూర్చుంటుంది, నాకు నచ్చలేదు. బదులుగా అల్యూమినియం రేకు ఒకటి కార్బురేటర్లకీ గొట్టాలకీ మధ్య, రెండు వైపులా గాలి ఆడేలా నిలబెట్టాం. ఏప్రిల్ ఎండలో సుంకి చెక్‌పోస్టు దగ్గర ఆగి టీ తాగి వచ్చినా మొదటి సెల్ఫ్‌కే అందుకుంటోంది.

కొత్త గొట్టం లీకులు పట్టడానికి ఒక సులువు. ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి, తోక చివర మందపాటి గుడ్డ అడ్డం పెట్టి, అతుకుల మీద సబ్బు నీళ్ళు పోస్తే బుడగలు చెప్తాయి. దిగుడులో యాక్సిలరేటర్ వదిలినప్పుడు టపటపమని పేలుతుంటే అది స్పోర్ట్స్ కారు లక్షణం అనుకోవద్దు. చాలాసార్లు ఏదో అతుకులోంచి బయటి గాలి లోపలికి వెళ్ళి మిగిలిన పెట్రోలు మండుతోందని అర్థం.

ఇక ఘాట్. ఇంజన్ బలం కొలిచే డైనో యంత్రం మీద పెట్టి కొలవలేదు, అది మా దగ్గర లేదు. అదే మలుపు, అదే ఇద్దరు మనుషులు, అదే బంకు పెట్రోలు. ముందు రెండో గేరులో గింజుకున్న చోట ఇప్పుడు మూడో గేరులో 2000 నుంచే ఎక్కడా తడబడకుండా లాగుతోంది. ఇది నాకు చాలా పెద్ద విషయం, ఎందుకంటే మార్క్ 3లో మొదటి గేరుకి సింక్రో (గేరు రాపిడి లేకుండా పడేలా చేసే ఏర్పాటు) లేదు, లారీ వెనక ఇరుక్కున్నప్పుడు గేరు దించే పని ఎంత తప్పితే గేరుబాక్సుకి అంత మంచిది. 5000 పైన ఎలా ఉందంటే, పాత లావు గొట్టంతో అక్కడ కాస్త ఎక్కువ ఉండేదేమో. దానికి నేను బాధపడడం లేదు.

కాగితాల విషయం క్లుప్తంగా. సైలెన్సర్ లేని బండి నడపడం మోటారు వాహనాల నియమాలకి విరుద్ధం, శబ్దం మితిమీరితే చట్టంలో 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది. యాభై ఏళ్ళు దాటిన బండ్లకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది. అందులో బండి అసలు రూపంలో ఉండాలంటారు. అందుకే ఛాసిస్‌కి ఒక్క రంధ్రం కూడా కొత్తగా వేయలేదు, ఒక్క బ్రాకెట్ కూడా వెల్డ్ చేయలేదు. అన్నీ పాత రంధ్రాలకే బోల్టులతో బిగించాం. పగిలిన పోత మానిఫోల్డ్‌ని గ్రీజు పూసి గోడౌన్‌లో పెట్టాను, ఎప్పుడైనా మంచిది దొరికితే మళ్ళీ పాతదానిలా చేసుకోవచ్చు.

ఏడాదికోసారి మధ్య సైలెన్సర్ విప్పి ఉన్ని చూడాలి, ఫ్లాంజ్ నట్లు మొదట కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక మళ్ళీ బిగించాలి. మేం నట్లు ఒకసారి బిగించాం, రెండోసారి ఈ వర్షాలు మొదలవకముందు చూస్తాం. ఫ్లాంజ్ కోసం కోసిన ప్లైవుడ్ అచ్చు, గొట్టాల కొలతల కాగితం షాపులోనే ఉన్నాయి. మార్క్ 3 ఉన్నవాళ్ళు వస్తే ఇస్తాను. స్టాండర్డ్ హెరాల్డ్ ఉన్నవాళ్ళు మాత్రం ఈ అచ్చు నేరుగా వాడొద్దు, ఆ హెడ్ వేరు. గ్యాస్కెట్ తీసుకుని రండి, ప్లైవుడ్ మీద కొత్త అచ్చు గీసిస్తాను, మిగతాది బాబాయ్ చూసుకుంటాడు.